కొట్టంలో ఇంకొక బల్బు

మనలి,
10-6-1956

చిరంజీవి జయరామ్‌కు వరదయ్య బావ దీవెనలు.

పాల కేన్లతోబాటు ఈ ఉత్తరాన్ని కూడా మన పాలేరు అమ్మాసి సైకిలు మీద పంపుతున్నాను. మన వీధికి కరెంటు స్తంభాలు వచ్చేశాయి. ఇంటికి దీపాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు గొడ్ల కొట్టానికి పెట్టించమని మీ అక్క పుష్పవల్లి పట్టుబట్టింది. నువ్వు పన్నెండేళ్ళుగా పట్నంలో వాషర్‌మెన్‌పేటలో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టులో పనిచేస్తున్నవాడివి. నిన్నుగాక ఇంకెవరిని అడగను?

కొట్టం నీకు తెలిసిందే. మధ్యలో నడవ, అటు అయిదు బర్రెలు, ఇటు అయిదు. తాటాకు కప్పు. నడుమ గుంజకు ఒక లాంతరు. తెల్లవారకముందు ఒక పూట, పొద్దుగుంకాక ఒక పూట పాలు పితకాలి. మీ అక్క చేయి పడితేగాని సగం బర్రెలు పాలు చేపవు. ఈమధ్య ఆమె రెండుసార్లు దూడ పలుపుకు కాలు తగిలి పడబోయింది. మొన్న నిండు తపేలా తన్నేసింది. "ఏందే ఇది?" అంటే, "ఈ గుడ్డి లాంతరుతో నా వల్ల కాదు పో. ఆడేముండాదో ఈడేముండాదో ఎట్ల తెలిసేది?" అని నామీదే లేచింది. ఆమె మాటా నిజమే. లాంతరు గాజు గంటకోసారి నల్లబడుతుంది. పోయిన నెల గ్యాసులైటు తెచ్చిపెడితే దాని బుసబుసకు బెదిరి బర్రెలు పాలు బిగబట్టాయి.

ఎన్ని బల్బులు కావాలి, ఎంత పెద్దవి, ఎక్కడెక్కడ పెట్టాలి, వివరంగా రాయి. రాయడమెందుకు, నువ్వే రా. ఆరు మైళ్ళ దూరంలో ఉండి నువ్వు కాలువ దాటి ఇటు వచ్చి మూడేళ్ళయింది. పెళ్ళి మాట ఎత్తుతామని భయమా? ఎత్తములే. మా అమ్మాయి మంగళకు పదిహేనేళ్ళు వచ్చాయి. మామ ఎదురైతే పోల్చుకోలేనని అంటున్నది.

వరదయ్య


వాషర్‌మెన్‌పేట,
13-6-1956

బావగారికి జయరామ్ నమస్కారాలు.

మీ ఉత్తరం కొట్టులో అందరికీ చదివి వినిపించాను. మనలిలో తొలి కరెంటు దీపం బర్రెలకా అని మా కొట్టు యజమాని ముదలాళి కూడా నవ్వాడు.

ఇక అసలు సంగతి. పెద్ద బల్బు ఒక్కటే కట్టి ఊరుకోకండి. దీపం ఒక్కటే అయితే పితికే మనిషి నీడ నేరుగా తపేలాలోనే పడుతుంది. నడవ పొడుగునా నలభై వాట్లవి మూడు పెట్టండి. ఒకదాని నీడను ఇంకొకటి చెరిపేస్తుంది. బర్రె ముఖానికి ఎదురుగా మాత్రం వద్దు, కళ్ళలో కొడితే వెనక్కి జరుగుతుంది. వైరు తాటాకును తాకకూడదు. అడ్డదూలానికి చెక్కపట్టీ కొట్టి దానిమీద తీయాలి. హోల్డర్లు ఇత్తడివి వద్దు, గొడ్ల ఉచ్చ ఆవిరికి ఆరు నెలల్లో చిలుము పడతాయి. పింగాణీవి పంపుతాను. బల్బుకు ఇనుప జాలీ బుట్ట తప్పదు. స్విచ్చి బర్రె కొమ్ముకు అందనంత ఎత్తులో, అక్క చేతికి అందేటట్టు పెట్టించండి. అన్నిటికన్నా ముందు గోడలకు సున్నం కొట్టించండి. తెల్లగోడ సగం బల్బుతో సమానం.

గోవిందసామి అని నమ్మకమైన వైరింగు పనివాడు. సామానుతో అతణ్ణి పంపుతున్నాను. నాకూ రావాలనే ఉంది కాని ఆదివారాలు కూడా కొట్టు తెరుస్తున్నాము.

అక్కతో చెప్పండి: ఇంత వెలుతురులో కూడా తపేలా తన్నిందంటే తప్పు దీపానిది కాదు, ఆమెదేనని.

జయరామ్


మనలి,
19-8-1956

చిరంజీవి జయరామ్‌కు,

నీ దీపాలు వెలిగాయి. మొదటి స్విచ్చి మంగళ వేసింది. పది బర్రెలూ ఒక్కసారి తలెత్తి చూశాయి. నిమిషం తర్వాత మళ్ళీ నెమరుకు దిగాయి. అమ్మాసి మాత్రం చెప్పులు విడిచి బల్బుకు దండం పెట్టాడు. పక్కవీధి ఆడవాళ్ళంతా వచ్చి కొట్టంలో నిలబడి చూసి వెళ్ళారు. గోడలు తెల్లగా, నేల మీద సూది పడినా ఏరుకోవచ్చు. ఆ రోజు మీ అక్క ముఖం చూడాల్సింది. కొత్త పెళ్ళికూతురిలా కొట్టమంతా తిరిగింది.

వారం పదిరోజులు బాగానే ఉంది. ఆ తర్వాత మళ్ళీ మొదలైంది. ఎడమవైపుకు తిరిగిందంటే నడుమ గుంజకు భుజం కొట్టుకుంటుంది. రెండు చోట్ల కమిలింది. పీట పక్కనే ఉన్నా చేత్తో తడుముతుంది. ఇంకో విచిత్రం. ఒక్కొక్క బల్బు చుట్టూ రంగుల వలయం ఉందంటుంది, ఇంద్రధనుస్సు మాదిరి. నాకు కనపడలేదు, మంగళకు కనపడలేదు. "మీకు కనపళ్ళా? మూడిట్లోనూ ఉండాది గదా!" అని మాతో వాదన. సాయంత్రమైతే తలనొప్పి అని గుడ్డ బిగించి కట్టుకుంటున్నది.

బల్బుల రకంలో ఏమైనా లోపమా? ఇంతకన్నా పెద్దవి వేయాలా? నీకు తెలియనిది కాదు, కాస్త ఆలోచించి రాయి.

వరదయ్య


వాషర్‌మెన్‌పేట,
1-9-1956

బావగారికి,

జవాబు ఆలస్యమైంది, మన్నించాలి. కొట్టులో పని.

రంగుల వలయం గురించి కంగారు పడవలసింది లేదు. కొట్టంలో ఆవిరికి తవుడు దుమ్ము చేరి గాజు మీద పేరుకుంటే అలా కనిపిస్తుంది. రోజూ పొడిగుడ్డతో తుడిపించండి. నలభైవి తీసి అరవైవి వేయండి. నడుమ గుంజకు ఎడమవైపున ఇంకొక బల్బు పెట్టించండి. సామాను అమ్మాసి చేత పంపాను.

జయరామ్


మనలి,
4-12-1956

చిరంజీవి జయరామ్‌కు,

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాము. కొట్టంలో ఇప్పుడు నాలుగు బల్బులు. పెళ్ళిపందిరిలా ఉంది.

నిన్న సాయంత్రం మీ అక్క చెయ్యి విరిగింది. నల్లబర్రె ఈనిన కొత్త. దానికి ఎడమ పక్కనుంచి ఎవరు వచ్చినా బెదురుతుంది. ఆ సంగతి మాకందరికీ నేర్పింది ఆమే. అటువంటిది తానే ఎడమ పక్కనుంచి నేరుగా దాని కాళ్ళలోకి వెళ్ళింది. బర్రె తన్నింది. మేత గాడికి కొట్టుకుని పడింది. మణికట్టు విరిగితే దగ్గరలోనే పుత్తూరు కట్టు కట్టించుకొచ్చాము.

పడి ఉన్న మనిషిని లేపుతూ నేను ఏమన్నానో తెలుసా? "ఇంత వెలుతురులో కూడా కనపళ్ళేదా నీకు? ఇంకెన్ని దీపాలు పెట్టాల?" అని అరిచాను. ఆమె ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. నాతో మాటకు మాట అనకుండా ఊరుకోవడం ఈ పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదలు. అదే నాకు ఎలాగో ఉంది.

అమ్మాసి నన్ను పక్కకు పిలిచి, "అయ్యా, కొట్టంలో వెలుతురు సరిగానే ఉండాది. అమ్మకే కన్ను తెరియలే" అన్నాడు. వాడి అరవపు మాట విని విసుక్కున్నాను. ఎదురుగా బియ్యంలో రాయి కనిపెట్టి ఏరుతుంది, దారాన్ని సూదిలోకి ఎక్కిస్తుంది, కన్ను కనపడకపోవడమేమిటి? కాని వాడి మాట రాత్రి నుంచి వదలడం లేదు.

జయరామ్, నువ్వు ఏమంటావు? ఇంకే దీపం పెట్టమంటావు?

వరదయ్య


వాషర్‌మెన్‌పేట,
5-12-1956

బావా,

ఇంకే దీపమూ పెట్టవద్దు. ఈ ఉత్తరం అందగానే అక్కను ఎగ్మోరు కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రేపటికి వాయిదా వేయకండి. అమ్మాసి చెప్పింది నిజం.

మా అమ్మ చెంగమ్మకు పెళ్ళినాటికే చూపు లేదని మీకు తెలుసు. పొయ్యి పొగకు పోయిందని మా నాన్న మీ వాళ్ళకు చెప్పాడు. అది అబద్ధం. మీ పెళ్ళికి నెల ముందు అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళినవాణ్ణి నేను. నాకప్పుడు పదిహేనేళ్ళు. అమ్మకు కూడా ముందు దీపం చుట్టూ రంగులు కనపడ్డాయి, తలనొప్పి వచ్చింది, తర్వాత పక్కల నుంచి చూపు మూసుకుంటూ వచ్చింది. ఎదురుగా ఉన్నది మాత్రం చివరిదాకా కనపడింది. అందుకే ఎవరమూ పట్టించుకోలేదు. కంటిలోపల నీటి ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందని డాక్టరు చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. "నీకు అక్కచెల్లెళ్ళున్నారా? ఇది కుటుంబంలో దిగుతుంది. ముప్పై దాటగానే ఏడాదికోసారి తెచ్చి చూపించండి, ముందుగా పట్టుకుంటే మందుంది" అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. "పెళ్ళయిందాకా నోరు మూసుకోరా" అన్నాడు. మూసుకున్నాను. పెళ్ళయింది. నాన్న పోయాడు, అమ్మ పోయింది. నోరు మూసుకోమన్నవాళ్ళే లేరు, అయినా నా నోరు తెరుచుకోలేదు. ఇన్నేళ్ళు దాచి ఇప్పుడు ఎలా చెప్పడమని ఒక ఏడు, అక్కకు రాకపోవచ్చులే అని ఒక ఏడు. నేను పెళ్ళి వద్దన్నది కూడా ఇందుకే. నా ఇంటికి రానివ్వని జబ్బును మీ ఇంటికి చెప్పాపెట్టకుండా పంపాను. అక్క ముప్పై దాటినప్పటినుంచి మీ ఇంటికి రావడమే మానేశాను. వస్తే ఆమె కళ్ళకేసి చూడాల్సి వస్తుందని.

ఆగస్టులో మీ ఉత్తరంలో రంగుల వలయమన్న మాట చదవగానే నాకు తెలిసిపోయింది. పది రోజులు ఆ ఉత్తరాన్ని జేబులో పెట్టుకు తిరిగాను. రెండుసార్లు నిజం రాసి చించేశాను. చివరికి దుమ్ము తుడవమని రాశాను.

నన్ను ఏమన్నా పడతాను. ముందు అక్కను తీసుకెళ్ళండి.

జయరామ్


మనలి,
2-1-1957

జయరామ్‌కు,

ఎడమ కన్ను పోయింది. అది ఎప్పుడు పోయిందో ఆమెకే సరిగా తెలియదు. కుడికంటికి ఆపరేషను చేశారు. ఉన్నది నిలబెట్టడానికే గాని పోయినది తేవడానికి కాదు. గొట్టంలోనుంచి చూసినట్టు నడుమ కాస్త కనపడుతుంది. నాలుగు నెలల కిందట తెచ్చి ఉంటే కుడికన్ను చాలావరకు మిగిలేదని డాక్టరు అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, తప్పుబట్టినట్టు కాదు. అయినా నేను అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చేశాను.

పెళ్ళప్పుడు దాచినందుకు నాకు కోపం లేదు. చెప్పి ఉంటే మా నాన్న ఈ సంబంధం వద్దనేవాడేమో. ఆమెతో పద్దెనిమిదేళ్ళు బతికాను. ఆ పద్దెనిమిదేళ్ళూ లేకపోయినా బాగుండేదని ఎలా అనగలను?

కాని ఆగస్టులో నేను నిన్ను అడిగాను. ఉన్నదున్నట్టు రాసి మరీ అడిగాను. నువ్వు గుడ్డతో తుడవమన్నావు. రోజూ తుడిపించాను. ఆమె చేతనే తుడిపించాను. పీట వేసుకుని ఎక్కి, ఒక్కొక్క బల్బూ తుడిచి, "పోలేదండీ, ఇంకా ఉండాది" అనేది. "సరిగా తుడువు" అనేవాణ్ణి.

నీదొక్కడిదే తప్పని అనడం లేదు. పక్కనే ఉండి నేను చూడలేదు. చదువు రాని అమ్మాసి చూశాడు. అయినా ఇప్పట్లో నువ్వు ఇక్కడికి రావద్దు. వస్తే నేను ఏమంటానో నాకే తెలియదు.

వరదయ్య


మనలి,
17-3-1957

జయరామ్ మామకు మంగళ నమస్కారాలు. అమ్మ చెబుతున్నది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నది.

ఒరే జయరామా, మీ బావ నీమీద కోపంగా ఉండాడు. ఉండనీ. నీకు ఉత్తరం రాయిస్తా ఉండానని ఆయనకు తెలుసు, వినపడనట్టు గాడి కడుగుతా ఉండాడు.

నా చెయ్యి అతుక్కుంది. పదిట్లో ఏడు బర్రెలకు నేనే పితుకుతా ఉండా. మంగళ కళ్ళు చూపించినాము. ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఏటేటా తీసుకరమ్మన్నారు.

నువ్వొక్కడివే దాచినావనుకోబాక. అమ్మ కళ్ళు నేను చూళ్ళేదా? దీపం చుట్టూ రంగులుండాయని అమ్మ చెప్తా ఉంటే పక్కన కూర్చోని విన్నదాన్ని. నాకు కనపడిన నాడే ఇది అమ్మకొచ్చిందేనని తెలిసిపోయింది. అయినా తప్పు లాంతరు మీద పెట్టినాను, బల్బు మీద పెట్టినాను. దీపం సరిలేదంటే అందరూ నమ్ముతారు గదా. కొన్నాళ్ళు నేనూ నమ్మినా. కొత్త బల్బు వేసిన నాలుగు దినాలు బాగా కనపడినట్టే ఉండేది. ఇంటి మనిషికి కళ్ళు పోతా ఉండాయంటే రేపు మంగళను ఎవరు చేసుకుంటారని భయం ఒకటి.

కాని ఒక మాట. నాకు మందుండాదని తెలీదురా. అమ్మకు పోయినట్టే నాకూ పోతాది, చెప్పి ఏం లాభమనుకున్నా. మందుండాదని తెలిసింది నీకొక్కడికే. అదొక్కటే నా లోపల గుచ్చుకుంటా ఉండాది. లేదని అబద్ధం చెప్పను.

సరే, అది అట్ల పోనీ. నువ్వూ ఆ అమ్మ కడుపునే పుట్టినావు. నీకు ముప్పైమూడు వచ్చె. నీ కళ్ళు చూపించుకున్నావా? లేదని నాకు తెలుసు. చిన్నప్పటి నించీ అంతే నువ్వు. భయమేస్తే దుప్పటి ముసుగేసుకుంటావు. పో. రేపే పో. ఇది అడగడం కాదు, చెప్తా ఉండా.

(అమ్మ ఇంతటితో ఆపమన్నది. మంగళ.)


వాషర్‌మెన్‌పేట,
14-4-1957

అక్కకు,

నీ ఉత్తరం వచ్చాక కూడా మూడు వారాలు ముసుగు తీయలేదు. పోయిన సోమవారం వెళ్ళాను.

గోడకు నల్లగుడ్డ కట్టి, నడుమ చుక్కకేసి చూస్తూ కూర్చోమన్నారు. చివర తెల్లగుండు ఉన్న పుల్లను పక్కనుంచి మెల్లగా జరుపుకొస్తూ, "కనపడగానే చెప్పండి" అన్నారు. కుడికన్ను సరిగానే ఉంది. ఎడమకంటికి వచ్చేసరికి, కనపడుతున్న గుండు ముక్కువైపు ఒకచోట మాయమైంది. మళ్ళీ కాస్త ఇవతల తేలింది. మళ్ళీ జరిపారు, మళ్ళీ అక్కడే మాయమైంది. నాకేమీ తెలియకుండానే నా కంటిలో అంత చీకటి ఉంది.

డాక్టరు పెద్దవాడు. అన్నీ రాసుకుని, "మంచివేళకు వచ్చారు. ఇది మొదలే. రోజూ చుక్కలు వేసుకుంటే మీ చూపు మీకుంటుంది. ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు.

మా అక్క అన్నాను. తర్వాత అక్కడి బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నర్సు లూర్దుమేరి అనే ఆమె వచ్చి, భయం లేదు, గుడ్డివాళ్ళయ్యే కేసు కాదు మీది, లేవండి అని ఓదార్చింది. ఎందుకు ఏడుస్తున్నానో ఆమెకేం తెలుసు? మంచివేళకు వచ్చారన్న మాట నీకు చెప్పవలసిన మాట అక్కా. ఆ మాట నీకు చెప్పించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, చెప్పించలేదు. కళ్ళు పోతున్న నువ్వు నన్ను పంపావు. కళ్ళున్న నేను నీకు బల్బులు పంపాను.

నువ్వు క్షమించానన్నా నేను నమ్మను. అనలేదు గనుక సరిపోయింది. ఒక్కసారి వచ్చి నిన్ను చూడాలని ఉంది. బావ వద్దంటే వాకిలి బయటినుంచే చూసి వెళ్ళిపోతాను.

జయరామ్


మనలి,
16-4-1957

జయరామ్‌కు,

నీ ఉత్తరం మంగళ చదివింది. మీ అక్క చివరిదాకా విని, "వాడి చుక్కలు వాడే వేసుకుంటే సగం చెంపల మీదికి కారతాయి, ఈడ ఉండమని రాయండి" అన్నది.

నా కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలియదు. దానికీ నువ్వు రావడానికీ సంబంధం పెట్టుకోదలచలేదు.

ఆదివారం రా. వాకిలి బయట నిలబడవద్దు. పక్కనుంచి వచ్చి పలకరించవద్దు, బెదిరిపోతుంది. నేరుగా వచ్చి ఆమెకు ఎదురుగా, బాగా దగ్గరగా నిలబడు. ఎదురుగా ఉన్న మనిషి ఆమెకు ఇంకా కనపడతాడు.

వరదయ్య